బస్రా వెళ్లొచ్చినవాడు

ఇరాక్‌లో బస్రా నగరం దాటాక, ఎడారి దారిలో ఒక యుద్ధ స్మారకం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలో చనిపోయి, సమాధి కూడా తెలియకుండా పోయిన నలభై వేల మందికి పైగా సైనికుల కోసం కట్టింది. 1929లో ప్రారంభమైనప్పుడు అది నది ఒడ్డున, మాకిల్ రేవు దగ్గర ఉండేది. 1997లో సద్దాం హుస్సేన్ ఆజ్ఞ మీద దాన్ని అక్కణ్ణించి తీసి, 32 కిలోమీటర్ల అవతల నాసిరియా వెళ్లే దారిలో మళ్లీ నిలబెట్టారు. ఆ గోడల మీద బ్రిటిష్ సైనికుడు, వాడు మామూలు జవానైనా సరే, పేరుతో ఉంటాడు. భారతీయుల దగ్గరికి వచ్చేసరికి సుబేదార్లవీ జమేదార్లవీ పేర్లు చెక్కి, కింద 'వీళ్లుగాక ఇంకా ఇంతమంది' అని ఒక అంకె వేసి ఊరుకున్నారు.

మా ముత్తాత ఆ అంకెలో లేడు. ఆయన బతికి ఇంటికొచ్చాడు. ఆయనతో కలిసి మట్టి తవ్వినవాళ్లు, ఒకే డేరాలో పడుకున్నవాళ్లు ఆ అంకెలో ఉన్నారు. పోయినవాళ్లకే పేరు దక్కని చోట, బతికొచ్చినవాడి పేరు ఎక్కడ వెతకాలి? కొన్నేళ్లుగా నా తీరికంతా ఈ ప్రశ్నకే ఖర్చవుతోంది. వెతగ్గా వెతగ్గా నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది, ముందే చెప్పేస్తాను. తెల్లవాడి సైన్యంలో పనిచేసిన పూర్వీకుడు వీరుడా, బంటా అని ఇంట్లో కూర్చుని తగువులాడుకునే ముందు ఆయన్ని ఆ అంకెలోంచి బయటికి తీసి పేరు పెట్టి పిలవాలి. పేరు కూడా సరిగ్గా తెలియని మనిషి మీద తీర్పు చెప్పే అర్హత మనకు లేదు.

మా ఇంట్లో ఆయన గురించి రెండు కథలుండేవి. మగవాళ్లు చెప్పే కథలో ఆయన తుపాకీ పట్టి జర్మన్లను వరసపెట్టి కాల్చాడు. నిజానికి మెసపొటేమియాలో ఎదురుగా ఉన్నది టర్కీ సుల్తాను సైన్యం. కాకపోతే మన ఊళ్లలో ఆ యుద్ధాన్ని మొదటినుంచీ 'జర్మనీ యుద్ధం' అనే అన్నారు గనక, కథలోకి జర్మన్లు వచ్చి కూర్చున్నారు. రెండో కథ మా పెద్ద మేనత్తది. ఆమె చిన్నతనంలో ఆయన ఇంకా బతికే ఉన్నాడు.

"తుపాకీ సంగతి నాకు తెలీదురా నాన్నా. తాత వంతెన కట్టేడంట. ఏరు ఎదురు తంతా ఉంటే పడవలు పక్కపక్కన పెట్టి, తాళ్లతో బిగించి, మీద చెక్కలు పరిచేరంట. ఆ తాళ్లు ఒరుసుకుపోయిన గీతలు అరచేతుల్లో చూపించేవోడు. నేను ముట్టుకుని చూసేను."

"పతకాలేమయ్యాయి అత్తయ్యా?"

"రెండిచ్చేరు. వెండిది కరిగించి మా మేనత్త పెళ్లికి కాళ్లకి పట్టీలు చేయించేరు. రెండోది కంచుది. కంసాలి వద్దన్నాడు. అందుకే మిగిలింది."

ఆ వెండి పతకంలో సుమారు రెండున్నర తులాల వెండి ఉండేది. ఒకవైపు అయిదో జార్జి చక్రవర్తి ముఖం, రెండోవైపు గుర్రమెక్కిన మనిషి. ఈ దేశంలో అలాంటివి ఎన్ని కరిగిపోయాయో! పాత నాణేల వ్యాపారులకూ పతకాలు సేకరించేవాళ్లకూ ఇది పెద్ద నష్టమంటారు. నాకలా అనిపించలేదు. రాజు ముఖం ఉన్న వెండి ఆడపిల్ల కాళ్లకు చేరింది. సేవకు ప్రతిఫలం అంతకన్నా సరైన చోటుకు చేరదు. కానీ కరిగిన దాంతోపాటు ఇంకొకటి కూడా పోతుందని మనవాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ పతకాల ముఖం మీద అందరికీ ఒకే బొమ్మ. ఎవరిది వాళ్లదయ్యేది అంచు మీద. రూపాయి బిళ్లకు గరుకు గీతలుండే చోట, ఈ పతకానికి చుట్టూ చిన్న అచ్చు అక్షరాల్లో సైనికుడి నంబరు, హోదా, పేరు, పటాలం కొట్టి ఉంటాయి.

మా అత్తయ్య రేకుపెట్టె అడుగునుంచి తీసిచ్చిన కంచు పతకం మీద రెక్కలున్న విజయదేవత చేతులు చాచి నిలబడి ఉంది. రిబ్బను ఎప్పుడో పోయింది, పట్టుకునే కొంకీ కూడా లేదు. చింతపండు పెట్టి తోమాలని అత్తయ్య లేచింది. వద్దని ఆపి, అంచును కిటికీ వెలుతురులోకి తిప్పి చదివాను. నాలుగంకెల నంబరు. తరవాత 'ఎస్‌పీఆర్', అంటే సాపర్. తరవాత ఆయన పేరు, ఇంగ్లీషు చెవికి వినిపించినట్టు. చివర 'రెండు, క్యూ వీ ఓ, ఎస్ అండ్ ఎం'. మద్రాసు అన్న మాట ఎక్కడా లేదు. మామూలుగా ఇక్కడే దారి తప్పుతుంది. 1780లో చెన్నపట్నం కోటలో పుట్టిన ఈ ఇంజనీరు దళాన్ని అందరూ మద్రాసు సాపర్లనే అంటారు. బెంగుళూరులో ఇప్పటికీ దాని కేంద్రం ఉంది. కానీ 1903లో సేనాధిపతి కిచెనర్ సైన్యాన్నంతా తిరగరాసినప్పుడు బెంగాల్ సాపర్లు ఒకటి, మద్రాసు సాపర్లు రెండు, బొంబాయి సాపర్లు మూడు అయ్యారు. 1911 నుంచి వీళ్లు 'రెండవ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్'. మద్రాసు అన్న ఊరిపేరు 1923లో గానీ మళ్లీ రాలేదు. పతకాలు కొట్టింది ఆ మధ్యకాలం పేరుతో. కాబట్టి మద్రాసు అని వెతికితే ఏమీ దొరకదు, రెండు అని వెతికితే దారి తెరుచుకుంటుంది.

కాల్బలం సంగతి ఇంకా చిక్కు. పాత మద్రాసు పటాలాల నంబర్లకు 1903లో అరవై కలిపారు. ఒకటో మద్రాసు పటాలం అరవై ఒకటో పయనీర్లయింది, మూడోది అరవై మూడో పాలంకోట లైట్ ఇన్‌ఫెంట్రీ అయింది. రెండోది అరవై రెండో పంజాబీలయింది. అవును, పంజాబీలే. కొన్ని మద్రాసు పటాలాల్లోంచి దక్షిణాది వాళ్లను పంపేసి పంజాబు వాళ్లతో నింపారు. 1759లో తిరుచిరాపల్లిలో దక్షిణాది సిపాయిలతో మొదలైన ఆ పటాలం ఇవాళ పాకిస్తాన్ సైన్యంలో అన్నిటికన్నా పాత కాల్బలం. తెలుగువాడి ముత్తాత పటాలం చరిత్ర పాకిస్తాన్‌లో దొరకడం వింతగా ఉన్నా నిజమే.

ఇలా ఎందుకు జరిగిందో చెప్పాలంటే లార్డ్ రాబర్ట్స్ దగ్గర ఆగాలి. ఈస్టిండియా కంపెనీ తొలి సిపాయిల్లో మనవాళ్లు ఎంతమంది ఉండేవారంటే, ఉత్తరాదిలో చాలాకాలం సిపాయినే 'తిలంగా' అన్నారు. 1780లో హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమంటే విశాఖపట్నంలోని సిపాయిలు తిరగబడ్డారు. 1806లో వేలూరులో తలపాగా మార్చమన్నందుకు ఇంకా పెద్ద తిరుగుబాటు. 1824లోనూ 1852లోనూ 1885లోనూ బర్మా యుద్ధాల్లో మద్రాసు సైన్యం పెద్ద బరువే మోసింది. అలాంటిది 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాది వాళ్లలో యుద్ధానికి పనికొచ్చే సత్తువ చచ్చిపోయిందని తేల్చేశాడు. తరవాత భారతదేశ సైన్యానికంతటికీ అధిపతి అయ్యాక ఆ అభిప్రాయమే విధానమైంది. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు వీరజాతులు. మనవాళ్లు కారు. పటాలాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, మిగిలినవి పేరు మార్చుకున్నాయి. ఒక మనిషి అభిప్రాయం వల్ల మూడు నాలుగు తరాలుగా సిపాయి పని చేసుకుంటున్న కుటుంబాలకు బతుకుతెరువు పోయింది. రాబర్ట్స్ గొప్ప సేనాని కావచ్చు. ఈ విషయంలో మాత్రం ఆయన చేసింది అన్యాయం.

మళ్లీ యుద్ధం వచ్చింది, మనుషులు కావలసి వచ్చారు. పనికిరాని జాతి మళ్లీ పనికొచ్చింది. 1914 నుంచి యుద్ధం ముగిసేలోపు మద్రాసు రాజధాని నుంచి 51 వేల మందికి పైగా సైనికులుగా, 41 వేల మందికి పైగా కూలీలుగా, వంటవాళ్లుగా, బళ్లు తోలేవాళ్లుగా, ఆస్పత్రి బంట్రోతులుగా వెళ్లారు. యుద్ధం మొదలైనప్పుడు సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. ఇవాళ్టి లెక్కలోకి మార్చి దీన్ని అర్థం చేసుకోలేం. ఏడాదికోసారి కొలిచే పాలేరు గింజలతో పోల్చి చూస్తే అర్థమవుతుంది. నెలనెలా చేతికి వచ్చే నగదు అది, ఆసామి దయతో నిమిత్తం లేకుండా.

ఆ నగదు ఇంటికి ఎలా చేరేదో అత్తయ్య తన నాయనమ్మ నోట విన్నది చెప్పింది. సైనికుడు జీతంలో కొంత ఇంటివాళ్ల పేర రాసిపెట్టవచ్చు. మనియార్డరు వచ్చేది. తపాలా మనిషి మాల వాడకు వచ్చేవాడు కాదు. ఊళ్లో ఒక అరుగు ముందు నిలబడి కబురు పంపేవాడు. నాయనమ్మ చంటిపిల్లను చంకనేసుకుని వెళ్లి, దూరంగా నిలబడి, వేలిముద్ర వేసి, నేలమీద పెట్టిన డబ్బు ఏరుకుని వచ్చేది. డబ్బు చేతికివ్వడానికి వీల్లేదు, అంటు. ఆ అరుగు ఆసామికి అందులో కొంత ఇచ్చుకోవాలి, కాగితం చదివి పెట్టినందుకు. యుద్ధం గురించి మా ఇంట్లో మిగిలిన జ్ఞాపకాల్లో నాకు అన్నిటికన్నా నమ్మదగినది ఇదే. ఎందుకంటే దీంట్లో ఎవరూ గొప్పవాళ్లు కారు.

ఇక ఆయన ఏం చేశాడు? సాపర్లంటే తవ్వేవాళ్లు, కట్టేవాళ్లు. దారి వేయాలి, కందకం తీయాలి, నీళ్లు తోడే యంత్రం నిలబెట్టాలి, నది మీద వంతెన కట్టాలి, అదీ అవతలి గట్టునుంచి గుళ్లు పడుతుండగా. 1916 ఏప్రిల్ 29న కూత్ పట్టణంలో చిక్కుకుపోయిన బ్రిటిష్ ఇండియా సైన్యం తిండి లేక లొంగిపోయింది. సుమారు 13 వేల మంది బందీలయ్యారు. ఆ అవమానం తీర్చుకోవడానికి కొత్త సైన్యం, కొత్త సేనాని, కొత్త రైలుదారులు తెచ్చారు. 1917 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున షుమ్రాన్ అనే చోట, వరదమీదున్న టైగ్రిస్‌ను దాటడం మొదలుపెట్టారు. ముందు తెడ్లేసుకుంటూ పడవల్లో మనుషుల్ని దాటించారు, చాలామంది నీళ్లలోనే పోయారు. సాయంత్రానికల్లా పడవల వంతెన నిలబడింది. దానిమీద సైన్యం దాటింది, మార్చి 11న బాగ్దాద్ చేతికొచ్చింది. ఆ రోజు నది దాటిన 14వ డివిజన్‌లో రెండు మద్రాసు సాపర్ కంపెనీలున్నాయి. మా అత్తయ్య వేళ్లతో తడిమిన గీతలు ఆ వంతెనవేనని నేను అనను. టైగ్రిస్ మీద కట్టిన వంతెనలు చాలా. కానీ పడవలు, తాళ్లు, చెక్కలు, ఎదురు తన్నే నీళ్లు అని ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క కల్పన లేదని మాత్రం ఇప్పుడు నాకు తెలుసు. తుపాకీ కథ చెప్పిన మగవాళ్లెవరూ ఇంత కచ్చితంగా చెప్పలేదు.

ఆ దేశంలో గుళ్లకన్నా జబ్బులు ఎక్కువమందిని పడగొట్టాయి. ఎండ, కలరా, మలేరియా. భారతీయ సైనికుల్లో అయితే స్కర్వీ, చిగుళ్లు వాచి పళ్లూడిపోయే రోగం. వాళ్లకిచ్చే తిండిలో పచ్చి కూరగాయలు లేకపోవడమే దానికి కారణం. చింతపండు, గోంగూర, నిమ్మకాయ లేకుండా ఒక్క పూట గడవని దేశం మనిషికి పిండి, పప్పు, నెయ్యి ఇచ్చి ఎడారిలో వదిలారు. వైద్య ఏర్పాట్లు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో విచారణ కమిషన్ 1917లో బయటపెట్టింది. లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చేంబర్లేన్ రాజీనామా చేశాడు. ఒక సామ్రాజ్య మంత్రి పదవి పోగొట్టినంత పెద్ద తప్పు అది. అందులో ఊడిన పళ్లు మాత్రం మా ఊరివాళ్లవీ పక్క ఊళ్లవాళ్లవీ.

లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రతి దళానికీ యుద్ధకాలపు దినచర్య పుస్తకాలున్నాయి. ఇప్పుడు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో చదవొచ్చు. పెన్సిలు రాత, తేదీ, చోటు, ఆరోజు పని. ఎన్ని గజాల దారి వేశారు, ఎన్ని ఇసుక బస్తాలు నింపారు, ఏ ఆఫీసరు సెలవుమీద వెళ్లాడు. ఆఫీసర్లకు పేర్లుంటాయి. సాపర్లు గాయపడితే ఇద్దరు, ముగ్గురు. మళ్లీ అంకెలే. అయినా నేను ఆ పేజీల మీద చాలా సాయంత్రాలు గడిపాను. పేరు లేకపోయినా పని ఉంది. ఏ రోజు ఎండలో ఏ గట్టున మట్టి తవ్వారో ఉంది.

తెల్ల సైనికుడి మనవలకు దారి ఇంతకన్నా బాగా పరిచి ఉంది. మద్రాసు రాజధానిలోని చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు నకలు తీసి లండన్‌కు పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి, ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి. మద్రాసు రాజధానిలోని తెల్లవాళ్ల సమాధుల మీది రాతల్ని పోగుచేసి జూలియన్ జేమ్స్ కాటన్ 1905లోనే పుస్తకం వేశాడు. బ్రిటిష్ ఇండియాలో బతికిన కుటుంబాల చరిత్ర వెతికేవాళ్లు 1998లో సంఘం పెట్టుకుని లక్షల పేర్లకు సూచికలు తయారుచేశారు. వాళ్ల పద్ధతి చూసి నేను చాలా నేర్చుకున్నాను. ఒకరి ముత్తాత కోసం వెతుకుతూ ఇంకొకరి ముత్తాత కనబడితే రాసిపెట్టి అందరికీ అందుబాటులో ఉంచుతారు. మనం నేర్చుకోవలసిన గుణం అది.

మన సిపాయికి పటాలంలో ఉండేది 'షీట్ రోల్' అనే కాగితం. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, పొడుగు, ఒంటిమీద పుట్టుమచ్చలు, వారసులెవరు అన్నీ అందులో రాసేవారు. అది లండన్ వెళ్లలేదు, పటాలం దగ్గరే ఉండిపోయేది. సేవ ముగిసినప్పుడు మనిషి చేతికి డిశ్చార్జి సర్టిఫికెట్ ఇచ్చేవారు. మా ముత్తాతది బైబిల్లో, కీర్తనల గ్రంథం మధ్య మడిచిపెట్టి ఉంది. మడతలన్నీ చిరిగాయి, కుడివైపు మూల చెదలు తినేసింది. ఏ సంవత్సరం వదిలారో తెలిపే చోట చిల్లు. మిగిలినదాంట్లో నంబరు పతకం అంచుమీది నంబరుతో సరిపోయింది. పెద్దాపురం తాలూకా, గోదావరి జిల్లా. పొడుగు అయిదడుగుల నాలుగంగుళాలు. కుడి కనుబొమ్మ మీద మచ్చ. నడవడి, 'వెరీ గుడ్'. పేరు, దాని కింద తండ్రి పేరు.

రెండు పేర్ల చివరా 'అయ్య' ఉంది.

అత్తయ్యకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మళ్లీ చదువు" అంది. మా ముత్తాతని ఊళ్లో పెద్దా చిన్నా అందరూ 'గాడు' అనే పిలిచారు. ఆసామి కొడుకు, పదేళ్ల పిల్లాడు కూడా. ఆయన తండ్రికీ అంతే. మద్రాసు సాపర్లలో, ఊరు దూరం పెట్టిన కులాలకు పాతకాలం నుంచీ చోటుంది. ఆ భర్తీ ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకు మా వాళ్ల మీద ప్రత్యేకమైన ప్రేమ ఉండి ఉండదు. గడిలో పేరు రాయాలి గనక అడిగాడు. తనను పూర్తి పేరు అడిగిన మొదటి మనిషికి మా ముత్తాత పూర్తి పేరు చెప్పాడు, తండ్రిది కూడా పూర్తిగా చెప్పాడు. అది నూరేళ్లు దాటినా అక్కడ అలాగే ఉంది. అంబేద్కర్ 1891లో మౌ కంటోన్మెంట్‌లో పుట్టాడని, ఆయన తండ్రి సుబేదారని చదివినప్పుడు అదొక వివరంగానే చదివాం. కంటోన్మెంట్ బడి, నెలజీతం, కాగితం మీద పేరు ఒక కుటుంబాన్ని ఎంత దూరం తీసుకెళ్లగలవో ఈ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకున్నాకే నాకు బోధపడింది.

మా అన్నయ్య కొడుకు చదువుకున్నవాడు, ఆలోచించే కుర్రాడు. వాడొకసారి సూటిగా అడిగాడు: "బాబాయ్, ఇరాక్ వాళ్ల దేశం ఆక్రమించుకోడానికి వెళ్లిన సైన్యంలో కూలి చేశాడు. దాన్ని ఇంత పట్టుకుని వెతకాలా?" వాడి ప్రశ్న న్యాయమైనదే. బాగ్దాద్ పట్టుకోవడంలో ఇరాక్ వాళ్లకు ఒరిగిందేమీ లేదు, 1920లో వాళ్లు బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డారు కూడా. మా తాలూకాకు ఉత్తరాన మన్యం ఉంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరసగా మూడు రోజుల్లో పడి తుపాకులు పట్టుకెళ్లాడు. ఆయన ఏ ప్రభుత్వంతో పోరాడాడో ఆ ప్రభుత్వపు నడవడి సర్టిఫికెట్ మా ఇంట్లో మడతపెట్టి ఉంది. దీన్ని నేను దాచను. అదే సమయంలో ఇంకోటి కూడా దాచను. 1918లో గాంధీగారే ఖేడా జిల్లా పల్లెల్లో కాలినడకన తిరిగి సైన్యంలో చేరమని రైతుల్ని అడిగారు. సామ్రాజ్యానికి సేవ చేస్తే స్వరాజ్యం దగ్గరపడుతుందని అంతటివారే అనుకున్న రోజుల్లో, పదకొండు రూపాయల కోసం వెళ్లిన పాలేరు కొడుకుని నిలదీయడం నాకు చేతకాదు. వాడికి అదే చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. ఒప్పుకోనక్కర్లేదు. కానీ తరవాత వారం వాడే వచ్చి పతకం అంచుకు ఫోటో తీసి, అక్షరాలు పెద్దవి చేసి నాకు పంపాడు.

2021 ఏప్రిల్‌లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ తన పాత పనిమీద తానే ఒక నివేదిక వేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లు తదితరుల్లో 45 వేల నుంచి 54 వేల మందిని తెల్లవాళ్లతో సమానంగా స్మరించలేదని, ఇంకా కనీసం 1,16,000 మందికి పేరుతో స్మారకమే లేదని, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండవచ్చని ఒప్పుకుంది. బ్రిటిష్ రక్షణమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ క్షమాపణను నేను తేలిగ్గా తీసుకోను. ఇన్నేళ్లకైనా చెప్పారు. బస్రా గోడమీద లేని పేర్లు చాలా ఆ కమిషన్ జాబితాల్లో ఉన్నాయి, వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతకొచ్చు. మన సిపాయిల వివరాల దగ్గర చాలాచోట్ల ఫలానావాడి కొడుకు, ఫలానా ఊరు, ఫలానా తాలూకా అని రాసి ఉంటుంది. గోదావరి, విశాఖపట్నం, గంజాం, కృష్ణా, గుంటూరు అని ఆనాటి ఇంగ్లీషు స్పెల్లింగుల్లో కొట్టి చూస్తే మన ఊళ్లు బయటికొస్తాయి. నేను చూసినప్పుడు, తెలిసిన ఊరిపేరు పక్కన తెలియని మనిషి పేరు కనిపించిన ప్రతిసారీ గొంతు పట్టేసింది. వాళ్లలో ఎవరికైనా మనవలు ఆ ఊళ్లో ఉండే ఉంటారు. వాళ్ల తాత బస్రాలో పోయాడన్న మాట తప్ప ఇంకేమీ వాళ్లకు తెలిసి ఉండదు.

పంజాబ్ వాళ్లు ఒక పని చేశారు. మొదటి ప్రపంచయుద్ధానికి ఏ ఊరినుంచి ఎవరు వెళ్లారో రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో ఏళ్ల తరబడి పడి ఉంటే, ఇంగ్లండులో స్థిరపడిన పంజాబీలు ఒక విశ్వవిద్యాలయంతో కలిసి వాటిని అక్షరం అక్షరం కంప్యూటర్‌లోకి ఎక్కించారు. మూడు లక్షల ఇరవై వేల పేర్లు. 2021లో వాటిని అందరికీ అందుబాటులో పెట్టడం మొదలుపెట్టారు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న కుటుంబాలు తమ ఊరిపేరు కొట్టి తాతను వెతుక్కుంటున్నాయి. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని ఇచ్చి 'మిలిటరీ మాధవరం' అనిపించుకున్న ఊరు. అక్కడ సిపాయి లేని ఇల్లు అరుదంటారు. అలాంటి ఊరు మనకుండగా ఈ పని మనం చేయలేకపోవడానికి కారణం కనిపించదు. ఒక విశ్వవిద్యాలయ చరిత్ర విభాగం, నాలుగు జిల్లాల సైనిక సంక్షేమ కార్యాలయాలు, సెలవుల్లో తిరగడానికి పాతికమంది విద్యార్థులు ఉంటే చాలు. రేకుపెట్టెల్లో ఉన్న సర్టిఫికెట్లకు ఫోటోలు తీసి, పతకాల అంచులు చదివి, ముసలివాళ్ల మాటలు రికార్డు చేసి, ఊరివారీగా ఒక జాబితా తయారుచేయడం రెండేళ్ల పని.

ఆ పని మొదలయ్యేదాకా ఆగకండి. మీ ఇంట్లో బస్రా అనో బర్మా అనో సింగపూరు అనో ఎవరి నోటైనా విని ఉంటే, ముందు ఇంట్లోని పెద్దవయసు ఆడవాళ్లను అడగండి. మగవాళ్ల కథలు తరవాత వినొచ్చు. పతకం ఉంటే తోమొద్దు, పాలిష్ పెట్టొద్దు, అంచుమీది నంబరు ఒక పుస్తకంలో రాసి తేదీ వేయండి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన పతకాలమీద పేర్లు లేవు గానీ, మనవాళ్లకు ఇచ్చినవాటి మీద ఉన్నాయి. పాత కాగితం ముక్కలైనా పారేయొద్దు, తండ్రి పేరున్న ముక్క అన్నిటికన్నా విలువైనది. మా అత్తయ్యకు ఎనభై దాటాయి. ఆమెలాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఒకరో ఇద్దరో మిగిలారు, వాళ్లతో ఈ ఏడాదే మాట్లాడండి.